రోజా అంటే నీళ్ళు కూడా తాగరా?

పిల్లలూ! మీ క్లాసులో ఎవరైనా లంచ్ టైములో డబ్బా తెరవకుండా కూర్చోవడం చూశారా? అది రంజాన్ నెల అయితే, ఆ ఫ్రెండ్ 'రోజా' ఉన్నారేమో. రోజా అంటే ఉపవాసం. మీ ఇంట్లోనే రోజాలు ఉంటే ఇవన్నీ మీకు తెలిసినవే, మిగతావాళ్ళకి మీరే చెప్పండి.

శివరాత్రికి ఉపవాసం ఉండే అమ్మమ్మలు చాలామంది పాలు, పళ్ళు తీసుకుంటారు. రోజాలో అవి కూడా ఉండవు. తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం దాకా మంచినీళ్ళు కూడా తాగరు. అబద్ధాలు ఆడకూడదు, ఎవరినీ తిట్టకూడదు. నాకైతే ఆకలి కంటే ఇదే కష్టం అనిపిస్తుంది!

తెల్లవారకముందే లేచి తినే భోజనం పేరు సహరీ. సాయంత్రం ఉపవాసం విడిచేది ఇఫ్తార్. ఎక్కువమంది ముందు ఖర్జూరం తిని, నీళ్ళు తాగుతారు. తర్వాత నమాజు, ఆ తర్వాత భోజనం. రాత్రి తరావీహ్ అనే ప్రత్యేక నమాజు ఉంటుంది.

ఈ నెలలో హైదరాబాద్ పాతబస్తీ రాత్రిపూట నిద్రపోదు. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో గాజుల కొట్లు కిటకిటలాడతాయి. వీధుల్లో హలీం బట్టీలు వెలుస్తాయి. గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి వేసి గంటలకొద్దీ ఉడికిస్తూ, పెద్ద పెద్ద కర్రలతో మెత్తగా దంచుతారు. హైదరాబాద్ హలీంకి 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. హలీం తినడానికి మతంతో పనిలేదు, ఊరంతా క్యూలో నిలబడుతుంది.

మరి చిన్నపిల్లలు కూడా ఉండాలా? అక్కర్లేదు. జబ్బుపడినవాళ్ళకి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకి కూడా మినహాయింపు ఉంది. అయినా పెద్దవాళ్ళని చూసి పిల్లలు సరదాపడతారు. కొన్ని ఇళ్ళలో పిల్లలు మొట్టమొదటి రోజా ఉన్న రోజు కొత్త బట్టలు తొడిగి, పూలదండ వేసి, చుట్టాలని పిలిచి వేడుక చేస్తారు.

రంజాన్ ఒక్కో ఏడాది ఒక్కో కాలంలో ఎందుకు వస్తుంది? ఇస్లాం క్యాలెండర్ చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది. చంద్రుడి 12 నెలలు కలిపితే సుమారు 354 రోజులే. అందుకే ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. మన తెలుగు నెలలూ చంద్రుడివే, కానీ మనం మధ్యమధ్యలో అధికమాసం కలుపుతాం. అందుకే ఉగాది ఎప్పుడూ వసంతంలోనే ఉంటుంది. 2030లో అయితే రంజాన్ నెల రెండుసార్లు మొదలవుతుంది, జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి! జూన్‌లో వస్తే హైదరాబాద్‌లో రోజా 14 గంటలు దాటుతుంది, లండన్‌లో 18 గంటలు దాటుతుంది. విదేశాల్లో ఉండే మీ ఫ్రెండ్స్‌కి అది చిన్న విషయం కాదు.

వాళ్ళ ఎదురుగా మీరు తినొచ్చు, తప్పేం లేదు. "ఒక్క ముక్క తిను, ఎవరూ చూడరులే" అని మాత్రం అనొద్దు. పరుగుపందెం ఉన్న రోజున "నువ్వు కూర్చో, నేను లెక్కపెట్టే పని నీకిప్పిస్తా" అంటే ఎంత సంతోషిస్తారో!

29 లేక 30 రోజులయ్యాక నెలవంక కనిపిస్తే, మర్నాడు పండగ. పండగ నమాజుకి ముందే పేదవాళ్ళకి ఫిత్రా అనే దానం ఇచ్చేయాలి, వాళ్ళ ఇంట్లోనూ ఆ రోజు పొయ్యి వెలగాలి కదా. తర్వాత సేమ్యా, పాలు, ఖర్జూరాలతో చేసిన షీర్ ఖుర్మా ఇరుగుపొరుగు ఇళ్ళకి వెళ్తుంది.

మీరు చేయండి: ఈ ఏడాది రంజాన్ ఏ తేదీన మొదలైందో కనుక్కోండి. ఆ రోజు మీ ఊళ్ళో సూర్యుడు ఎన్నింటికి అస్తమించాడో చూసి, రెండు వాక్యాలు తెలుగులో రాయండి.