ఇరుసు ఎటు జరిగింది?

మా అబ్బాయి రెండేళ్ళ క్రితం ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. 2001 నాటి షెవ్రోలే కమేరో. ఇరవై ఏళ్ళు దాటిన బండి ఎందుకురా అని అడిగితే, "నాన్నా, ఇది కెనడాలో పుట్టింది" అన్నాడు. మేము ఈ దేశం వచ్చింది 2004లో. అంటే మా ఇంటిల్లిపాదిలోకీ సీనియర్ కెనడా వాసి ఆ కారే అన్నమాట!

వాడు చెప్పింది నిజమే. అమెరికా కుర్రకారు కలల బండిగా పేరుబడ్డ కమేరోలో నాలుగో తరం, అంటే 1993 నుంచి 2002 దాకా వచ్చిన మోడళ్ళు, క్యుబెక్ రాష్ట్రంలో మాంట్రియల్‌కి ఉత్తరాన ఉన్న సెంట్ తెరేజ్ కర్మాగారంలో తయారయ్యాయి. ఆ కర్మాగారం 2002లో మూతపడింది. తరువాత 2009లో కమేరో మళ్ళీ వచ్చినప్పుడు కూడా మా ఒంటారియోలోని ఓషవాలోనే తయారైంది. 2015 తరువాత మిషిగన్‌కి తరలిపోయింది.

కొన్న నెల రోజులకే వాడికి రెండు లోపాలు కనిపించాయి. మలుపు తిరుగుతూ గతుకు మీదకి వెళితే కారు వెనక భాగం పక్కకి గెంతినట్టు అవుతుంది. సిగ్నలు దగ్గర గట్టిగా ఏక్సిలరేటర్ తొక్కితే వెనక ఎక్కడో "టంగ్" మంటుంది. కొన్నాళ్ళకి మా గరాజులోకి అట్టపెట్టెలు రావటం మొదలయింది. వాటిలో ఉన్నవి బయటి కంపెనీలు తయారుచేసిన వెనక సస్పెన్షన్ భాగాలు: రెండు కింది కడ్డీలు, పొడవు సర్దుకోగల అడ్డ కడ్డీ ఒకటి, కారుని నాలుగు సెంటీమీటర్లు కిందకి దించే పొట్టి స్ప్రింగులు. "ఒక్క శనివారం పని" అన్నాడు. ఆ శనివారం నాలుగు వారాలు సాగింది. ఎందుకు సాగిందో చెప్పటానికే ఈ వ్యాసం.

కమాను చేసే మూడు పనులు

ముందు మన అంబాసిడర్ కారుని ఓసారి తలుచుకుందాం. వెనక రెండు చక్రాలనీ కలుపుతూ ఒకటే ఇరుసు. దాని మీద రెండు పక్కలా కమాన్లు. లారీలకీ అంతే. బెజవాడ ఆటోనగర్‌లో కమాన్ల కట్టలు విప్పి కొత్త పట్టీలు వేసే దుకాణాలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. కమాను పైకి కనిపించేంత మొరటుది కాదు. అది ఒకేసారి మూడు పనులు చేస్తుంది. బండి బరువు మోస్తుంది. ఇరుసుని ముందుకీ వెనక్కీ, పక్కలకీ పోకుండా పట్టుకుంటుంది. చక్రాలు ముందుకి తిరిగేటప్పుడు ఇరుసు వెనక్కి మెలితిరగబోతుంది కదా (న్యూటన్ గారి మూడో సూత్రం!), ఆ మెలికని కూడా అదే ఆపుతుంది.

ఇప్పుడు కమాను తీసేసి చుట్టల స్ప్రింగు పెట్టామనుకోండి. ప్రయాణం మెత్తబడుతుంది. కాని చుట్ట స్ప్రింగుకి బరువు మొయ్యటం ఒక్కటే చేతనవును. మిగిలిన పనులకి వేరే ఉద్యోగులని పెట్టుకోవాలి. మా వాడి కమేరోలో జరిగింది ఇదే. ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా రెండు కింది కడ్డీలు పట్టుకుంటాయి. మెలితిరగకుండా గేరుపెట్టె దాకా సాగిన ఒక పొడుగాటి చెయ్యి ఆపుతుంది. ఇక పక్కలకి జరగకుండా పట్టుకునేది అడ్డ కడ్డీ. దీన్నే పాన్హార్డ్ రాడ్ అంటారు. పాన్హార్డ్ అనేది తొలి రోజుల ఫ్రెంచి కార్ల కంపెనీ పేరు.

చిన్న లెక్క

ఈ అడ్డ కడ్డీకి ఒక కొస ఇరుసుకీ, రెండో కొస కారు దేహానికీ బిగించి ఉంటాయి. చక్రాలు కిందకీ పైకీ ఊగినప్పుడు కడ్డీ కొస తిన్నగా కాక వృత్తంలో ముక్కలాగా కదులుతుంది. అందుచేత ఇరుసు కొద్దిగా పక్కకి జరుగుతుంది. ఎంత?

కడ్డీ పొడవు 100 సెంటీమీటర్లు అనుకుందాం. దేహం వైపు కొస, ఇరుసు వైపు కొస కంటే 12 సెంటీమీటర్లు ఎత్తులో ఉందనుకుందాం. బడిలో చదివిన పైథాగరస్ సూత్రం ప్రకారం రెండు కొసల మధ్య అడ్డంగా ఉండే దూరం 99.28 సెంటీమీటర్లు. పొట్టి స్ప్రింగులు వేసి కారుని 4 సెంటీమీటర్లు దించాం. ఇప్పుడు ఎత్తు తేడా 8 సెంటీమీటర్లే, అడ్డ దూరం 99.68. ఇరుసు 4 మిల్లీమీటర్లు పక్కకి జరిగింది! ఒక చక్రం 4 మిల్లీమీటర్లు బయటికి, రెండోది అంతే లోపలికి. రెండు పక్కలా కొలిచి చూస్తే తేడా 8 మిల్లీమీటర్లు. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు. కొలతలు కారుని బట్టి మారతాయి, సూత్రం మారదు. పొడవు సర్దుకోగల అడ్డ కడ్డీని అమ్మేది అలంకారానికి కాదు, ఇరుసుని మళ్ళీ మధ్యకి తేవటానికి.

రబ్బరుకీ ఒక ఉద్యోగం ఉంది

కడ్డీల కొసల్లో రబ్బరు బుష్షులు ఉంటాయి. వేగం మీద మోజు ఉన్నవాళ్ళకి ఈ రబ్బరంటే గిట్టదు. మెత్తగా ఉండి ఇరుసుని కదలనిస్తుంది కనక. అందుకని పాలీయురేతేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్షులో, ఉక్కు గోళపు కీళ్ళో వేస్తారు. కంపెనీ వేసిన కింది కడ్డీలు రేకు వంచి చేసినవి. కొత్తవి గట్టి గొట్టాలు.

రబ్బరు మెత్తగా ఉన్నది తయారుచేసినవాళ్ళకి తెలియక కాదు. ఒక చక్రం గతుకు ఎక్కినప్పుడు ఇరుసు ఏటవాలు అవుతుంది, కడ్డీ మెలితిరగాలి. రబ్బరు ఆ మెలికని ఓర్చుకుంటుంది. రెండు కొసల్లోనూ గట్టి బుష్షులు వేస్తే కడ్డీ బిగదీసుకుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు ఒక కొసలో గట్టి బుష్షు, రెండో కొసలో అన్ని వైపులా తిరిగే కీలు ఉన్న కడ్డీ తీసుకుంటారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. గతుకు దెబ్బలో కొంత భాగాన్ని రబ్బరు తనలో దాచుకుంటుంది. రబ్బరు తీసేస్తే ఆ దెబ్బ మాయమైపోదు. పక్క భాగానికి పోతుంది. ఆ పక్క భాగం ఏమిటో చూడకుండా గట్టి కడ్డీ బిగించటం, గొలుసులో ఒక లంకెని మాత్రం ఉక్కుతో చేయించి మిగతా లంకెలని మరిచిపోవటం లాంటిది.

ఉప్పు తిన్న ఇనుము

కెనడాలో శీతకాలం రోడ్ల మీద మంచు కరగటానికి ఉప్పు చల్లుతారు. 1997-98 శీతకాలంలో ఈ దేశం రోడ్ల మీద వాడిన ఉప్పు సుమారు 47.5 లక్షల టన్నులని కేంద్ర పర్యావరణ శాఖ 2001లో లెక్క తేల్చింది. మనం ఆవకాయ నిలవుండటానికి ఉప్పు వేస్తాం. ఆ ఉప్పే కారు అడుగున చేరితే ఇనుము నిలవుండదు.

మొదటి శనివారమంతా బోల్టులతోనే సరిపోయింది. ముందు చక్రాలకి అటూ ఇటూ దిమ్మలు పెట్టి, వెనక జాకీతో లేపి, ఇరుసు గొట్టాల కింద రెండు స్టాండ్లు, దేహం కింద మరో రెండు పెట్టాం. ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద దూరటం కంటే పెద్ద తెలివితక్కువతనం లేదు. తుప్పు వదిలించే నూనె పోసి, రాత్రంతా వదిలేసి, పానాకి పొడుగాటి గొట్టం తొడిగి లాగితే ఒక బోల్టు కదిలింది, ఇంకొకటి తెగింది. వేడి చేద్దామన్నాడు మా వాడు. ఇరుసు వెనకే పెట్రోలు ట్యాంకు ఉంది. వద్దన్నాను.

రెండో శనివారం ఎడమ కింది కడ్డీ ఊడింది. దాని ముందు కొస బిగించే పట్టు, అంటే కారు దేహానికే అతికి ఉన్న రేకుల జేబు లాంటిది, పొరలు పొరలుగా తుప్పుపట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. అప్పడంలో దిగినట్టు దిగింది. ఆ "టంగ్" శబ్దం ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

"పరవాలేదు నాన్నా, కొత్త కడ్డీ చాలా గట్టిది" అన్నాడు.

"గట్టిది కాబట్టే భయం రా. ఇన్నాళ్ళూ రబ్బరూ రేకూ ఓర్చుకున్న దెబ్బ రేపటి నించి తిన్నగా ఈ కుళ్ళిన జేబుకే తగులుతుంది. హైవే మీద ఇది ఊడితే ఏమవుతుంది?"

వాడు జవాబు చెప్పలేదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఒక పక్క కింది కడ్డీ వదిలేస్తే ఇరుసు ఆ పక్క ముందుకో వెనక్కో జరుగుతుంది. స్టీరింగు మన చేతిలోనే ఉన్నా కారుని నడిపేది వెనక చక్రాలే. కాసేపటికి వాడే పెట్టె మూత మూసి, "రేపు వెల్డింగ్ ఎక్కడ చేస్తారో కనుక్కుంటాను" అన్నాడు.

కొన్నప్పుడు కారుకి సేఫ్టీ సర్టిఫికెట్ ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఉంది. ఒంటారియోలో పాత బండి చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్‌కి ఆ కాగితం 36 రోజులు చెల్లుతుంది. తనిఖీ చేసిన రోజున బండి కనీస ప్రమాణాలకి తూగిందని చెప్పటం వరకే దాని పని, అది గ్యారంటీ కాదు. లైసెన్సు ఉన్న ఒక వర్క్‌షాపులో రెండు పక్కలా పట్లు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. వాటికైన ఖర్చు, కొన్న భాగాల ఖరీదు కంటే ఎక్కువ.

బిగించటంలో కిటుకులు

తరువాత పని సులువుగానే సాగింది. నేర్చుకున్నవి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఒకటి, కడ్డీలు ఒక్కొక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి విప్పితే ఇరుసు మెలితిరిగి మళ్ళీ బోల్టు రంధ్రాలు కలవవు. రెండు, స్ప్రింగుల కోసం ఇరుసుని కిందకి దించేటప్పుడు బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా చూసుకోవాలి. మూడు, రబ్బరు బుష్షు ఉన్న ఏ బోల్టునీ చక్రాలు గాల్లో వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. బండి బరువు ఇరుసు మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరిగిపోతుంది. ఎంత బలంతో బిగించాలో మరమ్మతు పుస్తకంలో చూసి టార్క్ రెంచితో బిగించాలి.

నాలుగోది కొలత. దారానికి ఒక నట్టు కట్టి, వెనక ఫెండరు అంచు నుంచి వేలాడదీసి, చక్రానికి దూరం కొలిచాం. రెండు పక్కలకీ తేడా 10 మిల్లీమీటర్లు. అడ్డ కడ్డీ మర తిప్పి సగానికి, అంటే 5 మిల్లీమీటర్లు, సర్దాం. తేడా పోయింది. ఆ పైన నాలుగు చక్రాల ఎలైన్‌మెంటు చేయించాం. ఒక పక్క కింది కడ్డీ రెండో దానికంటే ఏమాత్రం పొడవున్నా ఇరుసు వంకరగా కూర్చుంటుంది, కారు పీతలాగా ఓరగా నడుస్తుంది.

బీమా కంపెనీకి ఫోను చేసి చేసిన మార్పులు కూడా చెప్పాం. చెప్పకుండా దాస్తే ప్రమాదం జరిగినప్పుడు గొడవ తప్పదు. ఇంకో మాట. 2021 నించి ఒంటారియోలో గంటకి 80 కిలోమీటర్ల కంటే తక్కువ పరిమితి ఉన్న రోడ్డు మీద 40 దాటించి పోతే స్టంట్ డ్రైవింగ్ కింద లెక్క. కారు 14 రోజులు, లైసెన్సు 30 రోజులు పోతాయి. కొత్త కడ్డీల సత్తా చూడాలని సరదా పడేవాళ్ళకి 1961లో మోస్‌పోర్ట్ పేరుతో మొదలైన రేసు ట్రాకు బోమన్‌విల్ దగ్గర ఉండనే ఉంది.

నాలుగో శనివారం సాయంత్రం వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. ఆ పాత మలుపు, ఆ పాత గతుకు. వెనక భాగం ఒక్కసారి కిందకి దిగి, లేచి, ఊరుకుంది. గెంతలేదు. "టంగ్" లేదు. వాడు నా వంక చూసి నవ్వాడు. నేను మాత్రం కొత్త కడ్డీల గురించి కాదు, కంటికి కనపడని ఆ రేకుల జేబు గురించే ఆలోచిస్తున్నాను. మీ బండికి కొత్త భాగం కొనే ముందు, అది ఏ పాత భాగానికి బిగుస్తుందో ఓసారి వంగి చూసుకోండి. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని మరీ.