ఆర్గనైజు చేయుట యన నేమి?



కోరుట్ల చెంత నొక గ్రామమున సంఘ సమావేశము జరుగుచుండగా ఒక వృద్ధరైతు మమ్ము నిట్లడిగెను: "అయ్యా, మీ కాగితములలో ఎచ్చట జూచినను ఆర్గనైజు అను మాటయే. షామియానా వేయించుటయా, సంఘము పెట్టుటయా? ఏది దాని యర్థము?" ప్రశ్న చిన్నదే గాని మాకు వెంటనే బదులు తోచలేదు.

ఈ ఇంగ్లీషు క్రియకు మూలము గ్రీకు భాషలోని 'ఆర్గనాన్', అనగా పనిముట్టు. పిమ్మట దేహములోని అవయవమునకును 'ఆర్గన్' అను పేరు కలిగెను. కన్ను చూచును, చేయి పట్టును, కడుపు అరగించును. ఒకదాని పని మరొకటి చేయజాలదు. ఏదియు ఒంటరిగా బ్రదుకజాలదు. వేరువేరు పనులుగల భాగములను ఒకే దేహముగా కూర్చుటయే దీని ముఖ్యార్థము.

వాడుకలో మూడు విధములు గలవు. సభను ఏర్పాటు చేయుట మొదటిది. లెక్కలను, సామానును క్రమముగా నుంచుట రెండవది. మనుష్యులను సంఘటితపరచుట మూడవది. మొదటిది ఒక దినముతో ముగియును. మూడవది ఏండ్ల తరబడి నడువవలెను.

మన సీమలోనే నిదర్శనములు గలవు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలకొలది రైతుకూలీలు జైత్రయాత్రగా కదలిరి. అది ఒక్కనాటి ఏర్పాటు కాదు. వెట్టికిని, భూముల యాక్రమణకును ఎదురుగా ఊరూర సంఘములు ముందే యేర్పడి యుండెను. ఆ యక్టోబరులోనే ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోల ప్రాంతములుగా ప్రకటించెను.

జగిత్యాల, కోరుట్లలు చేరియున్న నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు 2019లో 185 మంది పోటీచేసిరి. వారిలో అధికులు పసుపు, ఎర్రజొన్న రైతులు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావలెనని వారి కోరిక. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమయ్యెను.

సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘము స్థాపితమయ్యెను. తీగలు, బిల్లులు, మరమ్మతులు, పాలకవర్గపు టెన్నికలు: ఇవి నిత్యము నడువనిదే దీపము వెలుగదు. మూడవ యర్థమునకు ఇంతకంటె తేటయైన సాక్ష్యము లేదు.

మా తప్పును గూడ దాచము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున పసుపు ఉడికించు యంత్రమును ఉమ్మడిగా తెప్పించితిమి. ప్రదర్శననాడు జనము క్రిక్కిరిసిరి, ఉపన్యాసములు సాగెను, అందరికి చాయ యిచ్చితిమి. "చక్కగా ఆర్గనైజు చేసితిరి" అని పై యధికారులు మెచ్చుకొనిరి. అయితే వంతుల పుస్తకము పెట్టలేదు, మరమ్మతు సొమ్ము ఎవరు వసూలు చేయవలెనో నిర్ణయింపలేదు. రెండవ యేట యంత్రము త్రుప్పుపట్టెను. రైతులు ఎవరి పసుపును వారే ఉడికించుకొని, ఎవరి బస్తాలు వారే అడితికి మోసికొనిపోయి, అడిగిన ధరకే యిచ్చివచ్చిరి. మేము సభను కూర్చితిమి గాని దేహమును కూర్చలేదు.

కావున ఆ వృద్ధునికి మా బదులిది: తాతా, షామియానా విప్పిన మరునాడు ఎవరి పని ఏదో ప్రతివానికి తెలిసియున్నచో అది ఆర్గనైజు. తెలియనిచో అది వట్టి షామియానాయే.

సభ్యులారా, రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు సంగతులు తప్పక యడుగుడు: లెక్క యెవరు వ్రాయుదురు? తాళపుచెవి యెవరియొద్ద నుండును? వారు రానినాడు ఆ పని యెవరిది?