గల్ఫ్ కొలువు: నోటిమాట జీతాలు, కాగితం మీది హక్కులు

అల్లవరం మండలంలో కువైట్, మస్కట్, దుబాయ్ పేర్లు తెలియని వీధి లేదు. కోనసీమ పల్లెల నుంచి ఎందరో ఆడవాళ్లు అక్కడికి ఇంటిపనికి వెళ్తున్నారు. ఇక్కడ కూలి ఏడాది పొడవునా దొరకదు, అప్పు మీద వడ్డీ మాత్రం నెల తప్పదు. వెళ్లడం తప్పు కాదు. నోటిమాట నమ్మి వెళ్లడమే ప్రమాదం.

అపోహ: ఊళ్లో తెలిసిన ఏజెంటే, మోసం చేయడు.

వాస్తవం: 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాలకు పనివాళ్లను పంపేవారికి కేంద్రం ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఊరూరా తిరిగే సబ్ఏజెంటుకు ఆ చట్టంలో చోటు లేదు. లైసెన్సు ఉన్నవారి పేర్లు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో కనిపిస్తాయి. పదో తరగతి పాసవని ఆడవాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో అలాంటి సంస్థ ఓమ్‌క్యాప్.

అపోహ: వీసాకు లక్షలు పోయక తప్పదు.

వాస్తవం: లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. తీసుకున్న డబ్బుకు రసీదు ఇవ్వాలి. రసీదు ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి. పుస్తెలు తాకట్టు పెట్టి కట్టిన సొమ్ముకు ఋజువు లేకపోతే రేపు ఏ స్టేషన్లోనూ మాట నిలవదు.

అపోహ: విజిట్ వీసా మీద దిగితే, పని వీసా అక్కడ చూసుకోవచ్చు.

వాస్తవం: విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం. పదో తరగతి పాసవనివారు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. ఈ తనిఖీని తప్పించడానికే కొందరు విజిట్ వీసా అంటగడతారు. అలా వెళ్తే, అనుమతితో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన 10 లక్షల రూపాయల రక్షణ కూడా దక్కదు.

అపోహ: ఇంటిపనికి చట్టాలుండవు, కఫీల్ (యజమాని) చెప్పిందే వేదం.

వాస్తవం: ఇంటిపనివాళ్ల కోసం కువైట్ 2015లోనే ప్రత్యేక చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చెప్పకూడదు. వారానికో సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. మూసిన తలుపుల వెనక ఇవన్నీ అమలవుతాయని చెప్పలేం. అందుకే జీతం, పని, సెలవు రాసిన ఒప్పందం నకలు ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి.

అపోహ: ఆ ఇల్లు కుదరకపోతే ఇంకో ఇంట్లో చేరిపోవచ్చు.

వాస్తవం: అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, ఆ యజమాని పేరుతోనే ముడిపడి ఉంటుంది. చెప్పకుండా బయటికొస్తే పారిపోయినట్టు కేసు పెట్టగలరు. కష్టమొస్తే ముందు భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. కువైట్‌లో మన ఆడవాళ్లకు అక్కడ ఆశ్రయం ఉంది. ఊళ్లో ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

ప్రయాణం ఖాయమయ్యాక ఈ విషయాలు తెలిస్తే లాభం లేదు. డ్వాక్రా సంఘం సమావేశంలో, సచివాలయంలో, చర్చి దగ్గర, గుడి దగ్గర ముందే మాట్లాడుకోవాలి. ఎవరైనా "జీతం బాగుంటుందమ్మా" అంటే, లైసెన్సు, ఒప్పందం, రసీదు మూడూ చూపించమని అడగండి. అడగడం వెళ్లే ఆడమనిషి హక్కు. ఆమె పక్కన నిలబడి అడగడం ఊరి బాధ్యత.