మూలల లెక్క

పిల్లలూ! ఒక పాత కాగితమూ, కత్తెరా తెచ్చుకోండి. ఈ లెక్క చదివి ఊరుకుంటే చాలదు. చేతులతో చేసి చూడాలి.

కాగితంమీద మీకు తోచిన త్రిభుజం ఒకటి గీసి కత్తిరించండి. మూడు మూలల్లోనూ ఒక్కొక్క చుక్క పెట్టి, ఆ మూలలను చేత్తో చింపండి. ఆ మూడు ముక్కలనూ, చుక్కలున్న మొనలు ఒకచోట తగిలేట్టుగా, పక్కపక్కనే పేర్చండి. ఏమయింది? అడుగున తిన్నని గీత ఏర్పడింది గదా! తిన్నని గీతమీద ఏర్పడే కోణం 180 డిగ్రీలు. కనుక త్రిభుజంలోని మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలన్నమాట. మీ పక్కవాడు మరో ఆకారంలో త్రిభుజం గీసినా ఇంతే. అయితే కాగితం చూపిస్తుందే గాని నిరూపించదు. అన్ని త్రిభుజాలకూ ఇది నిజమేనని యూక్లిడ్ అనే గ్రీకు పండితుడు సుమారు 2300 సంవత్సరాల క్రితమే తన గ్రంథంలో నిరూపించాడు.

ఇక నాలుగు భుజాల బొమ్మ గీయండి. ఎక్కడా లోపలికి నొక్కుకుపోకుండా చూసుకోండి. ఒక మూలనుంచి ఎదుటి మూలకు గీత గీస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. రెండు 180లు 360. పంచభుజిలో ఒకే మూలనుంచి రెండు గీతలు గీయవచ్చు. త్రిభుజాలు మూడు, మొత్తం 540 డిగ్రీలు. షడ్భుజిలో త్రిభుజాలు నాలుగు, మొత్తం 720.

భుజాల సంఖ్యలోనుంచి 2 తీసివేస్తే త్రిభుజాల సంఖ్య వస్తున్నది, గమనించారా? ఆ రెండే ఎందుకు తీసివేయాలి? మీరు గీతలు మొదలుపెట్టిన మూలకు అటొకటి, ఇటొకటి భుజాలున్నాయి. మిగిలిన ప్రతి భుజమూ ఒక్కొక్క త్రిభుజానికి అడుగవుతుంది. ఈ రెండూ మాత్రం కావు. అంతే రహస్యం!

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పే రోజుల్లో, ఒక కుర్రవాడు చతుర్భుజం గీసి, దాని నడుమ చుక్క పెట్టి, ఆ చుక్కను నాలుగు మూలలకూ కలిపాడు. నాలుగు త్రిభుజాలు వచ్చాయి. నాలుగు 180లు 720 అని జవాబు రాశాడు. నేను ఎర్ర సిరాతో కొట్టివేశాను.

"ఇందులో తప్పెక్కడున్నది, మాస్టారూ?" అని అడిగాడు.

"జవాబు 360. సూత్రం చూసుకో!" అని కసిరాను. అతను వచ్చి మౌనంగా కూర్చున్నాడు. తరువాత వారం రోజులు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఒక సాయంత్రం ఇంటికి పోబోతూ సైకిలు చక్రంకేసి చూశాను. ఇరుసు చుట్టూ చువ్వలన్నీ ఒక చుట్టు తిరిగి ఉన్నాయి. చటుక్కున ఆ కుర్రవాడి చుక్క గుర్తుకు వచ్చింది! చుక్క చుట్టూ ఉన్న నాలుగు కోణాలూ కలిసి ఒక పూర్తి చుట్టు, అంటే 360 డిగ్రీలు. అవి చతుర్భుజం మూలలు కావు. 720లోనుంచి ఆ 360 తీసివేస్తే సరిగ్గా 360! అతని దారి తప్పు కాదు. చివరి అడుగు ఒక్కటే మిగిలిపోయింది.

మర్నాడు అతన్ని బల్లవద్దకు పిలిచి, "ఈ చుక్క చుట్టూ ఉన్నవి ఏ మూలలు?" అని మాత్రం అడిగాను. ఒక్క క్షణం చూసి, తానే 360 తీసివేశాడు. "ఆ ఎర్ర గీటు నా తప్పు" అని తరగతి అందరిముందూ చెప్పాను. పెద్దలు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. పిల్లల జవాబు కొట్టివేసేముందు, అది ఎట్లా వచ్చిందో అడగండి.

ఈ లెక్కతో పనేమిటంటారా? నేలమీద పరిచిన టైల్సు చూడండి. మూలలు కలిసే చోట సందు మిగలకూడదు. కోణాలు కలిసి 360 కావాలి. భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న త్రిభుజాలయితే ఆరు, చతురస్రాలయితే నాలుగు, షడ్భుజులయితే మూడు సరిగ్గా అమరుతాయి. తేనెపట్టు గదులు ఆరు మూలలవే గదా! అటువంటి పంచభుజిలో ఒక్కొక్క కోణం 108. మూడు పెడితే 36 డిగ్రీల సందు మిగులుతుంది, నాలుగోది పట్టదు. ఏడు, అంతకు మించిన భుజాలుంటే మూడు కూడా పట్టవు.

కాని భుజాలు సమానంగా లేని పంచభుజులు కొన్ని నేలను నింపగలవు. 1975లో అమెరికాలో మార్జొరీ రైస్ అనే గృహిణి ఈ సంగతి ఒక పత్రికలో చదివింది. గణితంలో ఆమె చదువు హైస్కూలుతోనే ఆగింది. అయినా సొంత గుర్తులు కల్పించుకుని, ఇంటిపనుల మధ్య బొమ్మలు గీస్తూ, 1977 నాటికి నాలుగు కొత్త రకాలు కనిపెట్టింది! లోపలికి నొక్కుకుపోని పంచభుజులలో ఇటువంటివి 15 రకాలే ఉన్నాయని 2017లో మైకేల్ రావ్ అనే ఫ్రెంచి గణితవేత్త కంప్యూటరు సాయంతో చూపాడు.

ఇక మీ వంతు. అన్ని భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న 12 భుజాల బొమ్మలో ఒక్కొక్క కోణమెంత? మూలనుంచి గీతలు గీసీ, నడుమ చుక్క పెట్టీ, రెండు విధాలా చేయండి. అటువంటివి రెండు పక్కపక్కన పెడితే మిగిలే సందులో ఏ బొమ్మ పడుతుంది?

(జవాబు: 150 డిగ్రీలు, సమబాహు త్రిభుజం. రెండు దారుల్లోనూ జవాబు ఒకటే రాకపోతే, కొట్టివేయకండి. ఏ అడుగు మిగిలిపోయిందో వెతకండి.)