తెరచాప పడవలో దీపము వెలుగుట ఎట్లు?

ఈ సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకవర్గము వారు కోరినప్పుడు, తెలుగు ఉపన్యాసకుల నుండి వారు ఆశించినది ఏ కవిని గూర్చియో, ఏ కావ్యమును గూర్చియో ఒక వ్యాసమై ఉండును. మేము మోటారును గూర్చి వ్రాయుచున్నాము. సంధులు, సమాసములు బోధించువారికి బ్యాటరీలతో పని యేమని మా భౌతికశాస్త్రోపన్యాసకులు నవ్విరి. ఈ వ్రాతప్రతిలోని లెక్కలను దిద్దినవారు వారే గనుక, ఇందులో పొరపాటున్నచో సగము బాధ్యత వారిదే.

కామారెడ్డిలో గాని, ఎల్లారెడ్డిలో గాని గల్ఫు దేశములకు ఒక్కరైనను పోని వీథి అరుదు. మా మేనమామ కుమారుడు ఎల్లారెడ్డి నుండి షార్జాకు పోయి, చిన్న పడవల మోటార్లను మరమ్మతు చేయు దుకాణములో పని చేయుచున్నాడు. క్రిందటి సంవత్సరము సెలవుపై వచ్చినప్పుడు మాతో ఒక సంగతి చెప్పినాడు.

ఒక ఆసామికి 6 మీటర్ల తెరచాప పడవ ఉన్నదట. దాని వెనుక 6 అశ్వశక్తుల చిన్న మోటారు తగిలించి ఉండును. రేవు నుండి బయటికి పోవుటకు, తిరిగి రేవులోనికి వచ్చుటకు మాత్రమే ఆ మోటారు. సముద్రము మీదికి పోయిన పిదప గాలియే దిక్కు. మోటారు నడుచునప్పుడు దానితోనే బ్యాటరీ కూడ నిండునట్లు చేయుమని ఆసామి కోరినాడు. మావాడు తీగచుట్ట బిగించినాడు, తీగలు కలిపినాడు, మోటారు నడిపి మీటరు చూపినాడు. ముల్లు పైకి లేచినది. "ఇక మీ పడవలో దీపమునకు కొదువ లేదు" అని చెప్పి పంపినాడు.

రెండవ రాత్రి, అర్ధరాత్రి దాటిన కొంతసేపటికి, నడిసముద్రములో దీపము ఆరిపోయినది. సరకుల ఓడ యొకటి ఎదురుగా వచ్చుచున్నది. ఆసామి చేతిలోని టార్చిని తన తెరచాప మీదికి వేసి, ఆ తెల్లదనము ఓడవారి కంట పడునట్లు చేసి బ్రతికి బయటపడినాడు. ఒడ్డునకు వచ్చి దుకాణము మీద విరుచుకుపడినాడు. యజమాని మావాని జీతములో సగము పట్టుకొన్నాడు.

"భాయిజాన్, నేను బిగించిన దానిలో ఒక్క తప్పు లేదు. తరువాత విప్పి చూచినాను, అన్నియు సరిగనే ఉన్నవి. మరి దీపమెందుకు ఆరినది?" అని వాడు మమ్ము అడిగినాడు. వానికి జవాబు అప్పటికే తెలియును. మాకు తెలియునా లేదా యని పరీక్ష!

మాకు తెలియలేదు. కనుక మొదటినుండి చెప్పించుకొన్నాము. అదే ఇక్కడ వ్రాయుచున్నాము.

మన ప్రాంతమున నీటికి కొరత లేదు గాని తెరచాపలు కానరావు. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఉన్నది; అంతకు ముందే 1922 నాటికి కట్టిన పోచారము చెరువున్నది. వానిలో మన బెస్తవారు పుట్టిపై కూర్చుండి తెడ్డు వేసికొని పోవుదురు. తెరచాపలు చూడవలెనన్నచో హైదరాబాదు పోయి, హుస్సేన్ సాగరములో సెయిలింగ్ వీక్ జరుగునప్పుడు చూడవలెను. అయితే ఆ పందెపు పడవలకు మోటారు లేదు, దీపము లేదు; పగటిపూట పందెము, సాయంత్రమునకు ఒడ్డు. రాత్రి కూడ నీటిమీద ఉండు పడవకే ఈ చిక్కంతయు.

చుట్టిన తీగ దగ్గర అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనినాడు. మన తాతల కాలపు సైకిలు చక్రమునకు ఒరసికొని తిరిగిన డైనమోలో జరిగినది అదియే. నిజాంసాగరము కట్ట దిగువన ఉన్న జలవిద్యుత్కేంద్రములో జరుగునదియు అదియే. ఒకచోట కాలిబలము, మరొకచోట నీటిబలము. పడవ మోటారులో పెట్రోలు బలము. మోటారు పైమూత తీసినచో గిన్నె బోర్లించినట్లు ఒక బరువైన చక్రము కనబడును. దానినే ఫ్లైవీలు అందురు. దాని లోపలి అంచున అయస్కాంతములు అతికించి ఉండును. వాని నడుమ కదలని పళ్లెముపై తీగచుట్టలు కూర్చుండును. అందులో ఒక చుట్ట నిప్పురవ్వను పుట్టించుటకు. ఈ కారణముచేతనే త్రాడు లాగి నడుపు మోటారుకు బ్యాటరీతో పని లేదు. బ్యాటరీ చచ్చినను మోటారు లేచును. అనేక మోటార్లలో ఇంకొక చుట్టకు చోటు, మరలకు రంధ్రములు కర్మాగారము నుండియే విడిచి ఉండును. కొత్తగా బిగించునది ఆ రెండవ చుట్టనే. దీపపు చుట్ట అని మావాడు దానికి పేరు పెట్టినాడు.

ఫ్లైవీలును ఊడదీయుటయే ఇందులో మొరటు పని. సుత్తితో కొట్టి ఊడదీయుదమని తోచును గాని అట్లు చేయరాదు. క్రాంకు కడ్డీ వంగవచ్చును, అయస్కాంతము పగులవచ్చును. పుల్లరు అను పనిముట్టుతో లాగవలెను. తిరిగి బిగించునప్పుడు కడ్డీ గాడిలోని చిన్న చీలను మరువరాదు. అది తప్పినచో నిప్పురవ్వ వేళ తప్పి మోటారే మొరాయించును.

చుట్ట నుండి వచ్చునది ఏకాంతర విద్యుత్తు. ఒక క్షణము ముందునకు, మరు క్షణము వెనుకకు. బ్యాటరీ దీనిని ఒల్లదు. దానికి ఒకేవైపు ప్రవహించు విద్యుత్తు కావలెను. నడుమ నాలుగు డయోడులు పెట్టి మళ్లింపవలెను. డయోడు ఒకవైపే తెరచుకొను తలుపు వంటిది. నాలుగు తలుపులను చతురముగా అమర్చినచో, లోపలికి ఏ దారిన వచ్చినను బయటికి ఒకే దారిన పోవలెను. ప్రతిసారి రెండు డయోడులు దాటవలెను గనుక సుమారు 1.4 వోల్టులు అక్కడనే ఖర్చగును. 5 ఆంపియర్లు ప్రవహించినచో 7 వాట్ల వేడి. చేయి పెట్టినచో చురుక్కుమనును. కావుననే దానిని అల్యూమినియము పలకకు బిగింతురు.

ఇక్కడ మోటారు సైకిలు పని తెలిసినవారు పొరబడు చోటు ఒకటున్నది. పాత ద్విచక్ర వాహనములలో దీపపు చుట్ట కొసను ఒకదానిని ఇంజను ఒంటికే తగిలించి ఉంచెడివారు. అట్టి చుట్టకు నాలుగు డయోడుల పెట్టె కలిపి, బ్యాటరీ ఋణధ్రువమును కూడ ఇంజనుకు కలిపినచో, ఒక డయోడు గుండ చుట్ట తనకు తానే అడ్డదారి పట్టును. చుట్ట కాలును, లేదా డయోడు కాలును. చుట్ట కొసలు రెండును ఇంజను ఒంటికి తగులకుండ వేరుగా ఉండవలెను.

ట్రాక్టరు ఆల్టర్నేటరు తెలిసినవారికి మరొక సందేహము వచ్చును. అక్కడ బ్యాటరీ నిండగానే విద్యుత్తు తగ్గును గదా, ఇక్కడ ఎట్లు? ట్రాక్టరులో అయస్కాంతమును విద్యుత్తుతోనే పుట్టింతురు. దానిని తగ్గించినచో ఉత్పత్తి తగ్గును. ఫ్లైవీలులోనిది శాశ్వత అయస్కాంతము. దానిని చాలునని ఆపువాడెవడు? మోటారు తిరిగినంతసేపు చుట్టలో విద్యుత్తు పుట్టుచునే ఉండును. ఆమ్లపు బ్యాటరీకి సుమారు 14.4 వోల్టులు మించినచో నీరు విడిపోయి హైడ్రోజను వాయువు లేచును. అది మూసిన అరలో చేరినచో నిప్పురవ్వకు ప్రేలును. అందుచేత రెగ్యులేటరు కావలెను. అది మిగులు విద్యుత్తును చుట్టలోనికే మళ్లించి బ్యాటరీకి పోనీయదు. మోటారు నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీయరాదు. పుట్టిన విద్యుత్తునకు పోవు చోటు లేక వోల్టేజి ఎగసి డయోడులను చంపును.

తీగల విషయమున పిసినారితనము కూడదు. మోటారు వెనుక, బ్యాటరీ ముందు. నడుమ 5 మీటర్లున్నచో పోను రాను 10 మీటర్ల తీగ. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడినచో 5 ఆంపియర్ల వద్ద ఇంచుమించు 0.9 వోల్టు దారిలోనే పోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.4 కంటె తక్కువ. ఫ్యూజును మోటారు దగ్గర గాక బ్యాటరీ దగ్గర పెట్టవలెను. తీగ ఒరసికొని తెగినప్పుడు వందల ఆంపియర్లు కుమ్మరించునది బ్యాటరీయే గాని తీగచుట్ట కాదు.

ఇదంతయు మావాడు తప్పు లేకుండ చేసినాడు. చేయనిది లెక్క.

జమ, ఖర్చు, బాకీ. ఈ మూడు మాటలు అరబ్బీ, పారసీల నుండి ఉర్దూ దారిన వచ్చి తెలుగు వారి ఇంట స్థిరపడినవి. వీనికి బదులు పలుకదగిన అచ్చతెలుగు మాటను వెదకుకొనువారు నేడు లేరు. మన ఇంటి చిట్టాకు ఎట్లో బ్యాటరీకి కూడ ఈ మూడే లెక్కలు. కొలమానము ఆంపియర్-గంట: ఒక ఆంపియరు ఒక గంట ప్రవహించినచో ఒక ఆంపియర్-గంట.

ఖర్చు చూడుడు. ఆ పడవ స్తంభము కొనన పాతకాలపు ఫిలమెంటు దీపము, 25 వాట్లు. 12 వోల్టుల వద్ద అది 2.1 ఆంపియర్లు. రాత్రి 10 గంటలకు 21 ఆంపియర్-గంటలు. ఆ పది గంటలు రేడియో వినుచుండుటకు 0.4 ఆంపియరు వంతున మరి 4. రాత్రికి మొత్తము 25.

జమ చూడుడు. చుట్టపై 60 వాట్లు అని ముద్ర ఉన్నది. అది మోటారు పూర్తి వేగమున తిరుగునప్పటి మాట. రేవులో ఎవరును పూర్తి వేగమున పోరు; మెల్లగా పోవునప్పుడు వచ్చునది సుమారు 2 ఆంపియర్లు. పోవునప్పుడు 20 నిమిషములు, వచ్చునప్పుడు 20 నిమిషములు. 2 ఆంపియర్ల చొప్పున 40 నిమిషములకు 1.3. బ్యాటరీ తాను పుచ్చుకొన్న దానిలో కొంత మ్రింగును గనుక చేతికి వచ్చునది 1.1.

జమ 1.1, ఖర్చు 25! బ్యాటరీ 40 ఆంపియర్-గంటలది. మొదటి రాత్రి 25 పోయినవి, పగలు ఒకటి చేరినది, 16 మిగిలినవి. రెండవ రాత్రి గంటకు 2.5 వంతున ఆ 16 ఆరు గంటలకు పైన కొంచెము వచ్చును. సాయంత్రము 7 గంటలకు దీపము వెలిగించినాడనుకొనుడు. ఒంటిగంట దాటగానే చీకటి. ఓడ ఎదురైన వేళ సరిగ్గా అదియే.

గాలితో నడుచు పడవకు మోటారుతో బ్యాటరీ నింపబూనుటలోని విచిత్రమిది. మంచి గాలి వీచిన నాడు మోటారు నడువదు. మోటారు నడువని నాడు జమ సున్న. అనగా ప్రయాణము ఎంత చక్కగా సాగునో బ్యాటరీ అంత త్వరగా ఎండును. పోనీ మోటారును ఊరకే నడిపి నింపుదమన్నచో, పూర్తి వేగమున 5 ఆంపియర్లతోనైనను 25ను పూరించుటకు ఇంచుమించు 6 గంటలు కావలెను. గంటకు రెండు లీటర్ల పెట్రోలు. ఒక రాత్రి దీపమునకు 12 లీటర్లు! బ్యాటరీని పూర్తిగా ఎండించుటయు మంచిది కాదు. సగమునకు దిగువన పదేపదే దించినచో ఆమ్లపు బ్యాటరీ ఆయుష్షు తగ్గును. కొంతసేపు విశ్రాంతి ఇచ్చి కొలిచినప్పుడు 12.7 వోల్టులున్నచో నిండినట్లు, 12.2 ఉన్నచో సగమైనట్లు.

దీపము లేకుండ పోవుట కుదరదా యని మీరు అడుగవచ్చును. సముద్రము మీద ఢీకొనుటను నివారించుటకు 1972లో చేసి 1977 నుండి అమలులో పెట్టిన అంతర్జాతీయ నియమములున్నవి. గాలితో పోవు పడవ ఎడమవైపు ఎరుపు, కుడివైపు ఆకుపచ్చ, వెనుక తెలుపు దీపములు చూపవలెను. మోటారు నడిపిన క్షణము నుండి తెరచాప ఎత్తి ఉన్నను అది మోటారు పడవ క్రిందనే లెక్క. దీపముల పద్ధతి మారును. 7 మీటర్లకు తక్కువైన తెరచాప పడవ ఈ దీపములు పెట్టుకొనలేనిచో, టార్చియైనను సిద్ధముగా ఉంచుకొని వేళకు చూపవలెను. ఆ ఆసామిని కాపాడినది ఆ టార్చియే.

తరువాత మావాడు ఆ పడవకు రెండు మార్పులు చేసినాడు. మొదట ఖర్చు తగ్గించినాడు. ఫిలమెంటు దీపము తీసి రెండున్నర వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టినాడు. 21 కాస్త 2 అయినది. రేడియోతో కలిపి రాత్రికి 6. తరువాత జమ పెంచినాడు. పడవ కప్పుపై 20 వాట్ల సౌరఫలకము పరచినాడు. అచ్చటి ఎండకు దినమునకు 5, 6 ఆంపియర్-గంటలు వచ్చుచున్నవట. చుట్ట ఇచ్చునది ఒకటి. బాకీ లేదు. ఈ పనికి కూలి అడుగలేదు; ఆసామియే ఇచ్చినాడట. పట్టుకొన్న సగము జీతము మాత్రము తిరిగి రాలేదు.

అయినచో చుట్ట బిగించుట వృథాయేనా యని అడిగినాము. "కాదు భాయిజాన్. నాలుగు దినములు మబ్బు పట్టి, గాలి కూడ పడిపోయినదనుకొండి. అప్పుడు ఒడ్డు చేరుటకు గంటల తరబడి మోటారు నడుపవలసినదే. ఆ నాడు ఫలకము పనిచేయదు, చుట్ట పనిచేయును" అన్నాడు. ఇది మాకు తోచని సంగతి.

వాడు తిరిగి పోవునప్పుడు ఒక కాలిన చుట్టను, ఒక మంచి చుట్టను మాకు ఇచ్చి పోయినాడు. రెండింటిని భౌతికశాస్త్ర ప్రయోగశాల బీరువాలో ఉంచినాము. కాలినదాని కొస ఒకటి ఇంజను ఒంటికి తగిలి ఉండెడిదట. ఆ తీగపై నల్లని మచ్చ ఇప్పటికిని కనబడును. చూడగోరు విద్యార్థులు మధ్యాహ్న విరామ సమయమున రావచ్చును.