హాజరు పలకనివాడు ఏమయ్యాడు?

పిల్లలూ, బడిలో పంతులుగారు "వెంకటరమణా!" అని హాజరు పిలిచారు. జవాబు లేదు. పట్టీలో సున్న చుట్టి ఊరుకుంటే చాలునా? వాడికి జ్వరమా? పెళ్లికి పోయాడా? బడే మానేశాడా? సున్న ఒకటే గాని, సంగతులు వేరు. హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి కనుక్కోవటమే నాకు పెద్ద పని.

వైద్యులకూ ఇట్లాంటి పట్టీ ఉంటుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆస్పత్రి పేరు మీ తాతగారు వినే ఉంటారు. అక్కడి డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ గారు 1950లో చుట్టుపట్ల ఊళ్లలో ఒక పెద్ద పరిశీలన మొదలుపెట్టారు. సుమారు 60,000 మంది! ఇంటింటి లెక్క రాశారు, ఎక్స్‌రేలు తీశారు, కొందరికి బి.సి.జి. టీకా వేశారు. క్షయ ఒక్కరోజులో బయటపడే జబ్బు కాదు. టీకా వేసుకున్నవారినీ, వేసుకోనివారినీ ఏళ్లతరబడి చూస్తేగాని తేడా తెలియదు. అందుకే 1973లో కూడా ఆ పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి.

ఈలోగా మనుషులు ఉన్నచోట ఉంటారా? ఆడపిల్లలు అత్తవారిళ్లకు పోతారు. వాన లేని ఏడు కూలికోసం బెంగుళూరు పోయేవారెందరో! పోనీ పేరుపెట్టి అడుగుదామంటే, మన జిల్లాలో ఊరికి ఎందరు వెంకటరమణలు, ఎందరు మునెమ్మలు! అందుకే ఇట్లాంటి పనిలో పేరుతోబాటు తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు, దగ్గరి చుట్టం ఉండే ఊరు కూడా రాసుకుంటారు.

"కొందరు తప్పిపోతే ఏం?" అంటారేమో. ఒక లెక్క చేద్దాం. టీకా వేసుకున్నవారు 100 మంది అనుకోండి. కొన్నేళ్లకు 90 మందే దొరికారు; వారిలో ముగ్గురికే జబ్బు. "భేష్, మంచి టీకా!" అంటాం. కాని దొరకని 10 మందిలో ఆరుగురు జబ్బుపడి, వైద్యంకోసమే ఊరు విడిచారనుకోండి. అప్పుడు జబ్బుపడినవారు ముగ్గురు కాదు, తొమ్మిదిమంది! దొరికినవారినే లెక్కిస్తే తప్పుడు జవాబు వస్తుంది. దాన్ని నమ్మి లక్షల పిల్లలకు వైద్యం చేస్తే?

అందుచేత, ఇట్లాంటి పరిశీలనలో చేరినవారు ఊరు మారేటప్పుడు పోయేచోటు చెప్పి పోవటం మంచిది. ఇష్టం లేకపోతే మధ్యలో మానుకునే హక్కు వారికి ఉన్నది. వారి వివరాలు గుట్టుగా ఉంచటం వైద్యుల ధర్మం.

రేపు మీ బడిలో ఎవరైనా హాజరు పలకకపోతే, సాయంత్రం వాళ్లింటికి పోయి చూసి వస్తారు గదూ?