క్లచ్ మార్చాలా... కారే మార్చాలా?

మా షార్జా గదిలో ఆరుగురం. కారున్నది ఒక్క తమ్ముడికే. అది కూడా రెండు సీట్ల కారు! సెలవునాడు అందరం కలిసి ఎటైనా పోదామంటే ఇద్దరు కార్లో, నలుగురు బస్సులో. అయినా ఆ బండంటే అందరికీ ముచ్చటే. నిస్సాన్ 350జెడ్, 2006 మోడల్, మూడున్నర లీటర్ల వీ6 ఇంజిన్, చేతి గేర్లు. అది స్టార్ట్ చేస్తే మూడో అంతస్తులో చాయ్ గ్లాసులు అదురుతాయని మా గది పెద్దాయన విసుక్కుంటాడు గానీ, దాని పక్కన నిలబడి ఫొటో దిగి ఇంటికి పంపిన మొదటి మనిషి ఆయనే.

తమ్ముడిది జగిత్యాల వైపు. ఏసీ టెక్నీషియన్. మూడేళ్ల కింద 17 వేల దిర్హమ్‌లు రొక్కం పెట్టి కొన్నాడు. ఈమధ్య క్లచ్ జారడం మొదలైంది. బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది. ఇంజిన్ ఆయిల్ కూడా తాగుతోంది. ముల్కియా రెన్యువల్‌కు నెలన్నర గడువు. అవతల ఊళ్లో చెల్లెలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. చేతిలో ఉన్నది మా గది చిట్టీ డబ్బు 6 వేల దిర్హమ్‌లు.

బాగు చేయించాలా? అమ్మేసి ఇంకోటి కొనాలా? అసలు కారే వద్దనుకోవాలా? వారం రోజులు మా గదిలో ఇదే ముచ్చట. గల్ఫ్‌లో ఇష్టపడి పాత బండి కొన్న మనోళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని మేం తిరిగినవి, విన్నవి, కాగితం మీద లెక్క కట్టినవి ఇక్కడ రాస్తున్నాం.

రెండు గ్యారేజీలు, రెండు లెక్కలు

ఇండస్ట్రియల్ ఏరియాలో మొదట వెళ్లిన గ్యారేజీలో బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విన్నారు. అంతే, తీర్పు చెప్పేశారు. ఇంజిన్ పోయింది, స్క్రాప్ యార్డు నుంచి వేరేది తెచ్చి వేయాలట. దానికి కూలితో కలిపి 6,500. క్లచ్ 2,800, ముందు సస్పెన్షన్ 900, నాలుగు టైర్లు 1,800. మొత్తం 12 వేలు! బండి ఉన్నదున్నట్టు అమ్మితే సూక్ అల్ హరాజ్‌లో 9 వేలకు మించి పలకలేదు. ఈ లెక్కన అమ్మేయడమే మేలనిపిస్తుంది ఎవరికైనా.

కానీ ఏ పరీక్షా చేయకుండా ఇంజిన్ పోయిందని ఎలా చెప్పారు? అక్కడే మాకు అనుమానం వచ్చింది. నిజామాబాద్ జిల్లా మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఆరు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌కు గేజి బిగించి కంప్రెషన్ చూశాడు. ఆరింటిలోనూ అంకె దాదాపు ఒకేలా వచ్చింది. ఒకటి బాగా తక్కువ వస్తే భయపడాలి గానీ, అన్నీ దగ్గర దగ్గరగా ఉంటే ఇంజిన్ గుండె బాగున్నట్టే.

"ఇంజిన్ ఎందుకు విప్పుడు తమ్మీ? కంప్రెషన్ మంచిగనే ఉన్నది. రెండు సార్లు పెట్రోల్ పోసినప్పుడల్లా ఒకసారి ఆయిల్ పుల్ల తీసి చూసుకో, తక్కువుంటే పొయ్యి" అన్నాడాయన. ఈ కార్లలో 2005, 2006 నాటి చేతి గేర్ల ఇంజిన్లు కొన్ని ఆయిల్ తాగుతాయని మొదట్నుంచీ పేరుంది. తాగితే ప్రమాదం లేదు, తాగిందని చూసుకోకపోతేనే ప్రమాదం. మట్టం పడిపోయిన ఇంజిన్ ఈ ఎండల్లో హైవే మీద ఎంతోసేపు నిలవదు. పీసీవీ వాల్వ్ అనే చిన్న వస్తువు పాడైనా ఆయిల్ ఎక్కువ పోతుందట. ముందు దాన్ని మార్చి చూడమన్నాడు.

ఆయన ఇచ్చిన లెక్క ఇది: క్లచ్ 2,600, బుష్‌లు 700, టైర్లు 1,800, వాల్వూ ఆయిలూ కలిపి 200. మొత్తం 5,300. పన్నెండు వేలకూ దీనికీ ఎంత తేడానో చూడండి. చూపించుకునే డబ్బు ఖర్చు పెట్టకుండా మరమ్మతు గురించి నిర్ణయం తీసుకోవద్దని మాకు అక్కడే తెలిసింది. కంప్రెషన్ చూసినందుకు ఆయన తీసుకున్నది వంద దిర్హమ్‌లు, అది కూడా బిల్లులో తగ్గించాడు.

ఏది ముందు?

పాత బండిలో పాడైనవన్నీ ఒకే వరసలో పెట్టి చూస్తే గుండె ఆగిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేవి, దారిలో ఆపేసేవి, కంటికి బాగోలేనివి అని మేం మూడు కుప్పలు పోశాం. టైర్లు, బుష్‌లు మొదటి కుప్ప. క్లచ్ రెండోది. ఎండకు పొట్టు లేచిన పెయింటు, ఆగి ఆగి దిగే కిటికీ అద్దం మూడోది. ఈ కార్లకు కిటికీ మోటారు జబ్బు మామూలే. తమ్ముడికి మాత్రం పెయింటు మీదే మనసు! దాన్ని పక్కన పెట్టించడానికి పెద్దాయన ఒక రాత్రంతా మాట్లాడాల్సి వచ్చింది.

టైర్ల గురించి ఇంకాస్త చెప్పాలి. గీతలు లోతుగానే ఉన్నాయి, కొత్తవిలాగే కనబడుతున్నాయి. కానీ పక్కన అచ్చువేసిన నాలుగంకెలు చదవాలి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఎమిరేట్స్‌లో అయిదేళ్లు దాటిన టైరు పాసింగ్‌లో ఒప్పుకోరు. ఇక్కడి వేడికి రబ్బరు లోపల్నుంచి పెళుసెక్కి హైవే మీద పగులుతుంది. దొరికితే 500 దిర్హమ్‌ల జరిమానా, 4 బ్లాక్ పాయింట్లు. సెకండ్ హ్యాండ్ టైర్లు సగం ధరకు ఇస్తామని పిలిచేవాళ్లు వీధికొకరు ఉన్నారు. ఆ అంకెలు చూడకుండా కొనకండి. పైగా ఈ కారుకు వెనక టైర్లు 245 వెడల్పు, ముందువి 225. ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకుంటూ అరగదీసే సదుపాయం లేదు.

క్లచ్ సంగతికొస్తే, దుబాయ్‌లో పని, షార్జాలో పడక అయినవాళ్లకు అల్ ఇత్తిహాద్ రోడ్డు గురించి చెప్పనక్కర్లేదు. అంగుళం అంగుళం జరిగే ఆ ట్రాఫిక్‌లో చేతి గేర్ల బండి క్లచ్ ఎన్నాళ్లుంటుంది? గేర్‌బాక్సు ఒకసారి దించాక కూలి ఇచ్చేసినట్టే. రిలీజ్ బేరింగు, ఇంజిన్ వెనక ఆయిల్ సీలు కూడా అప్పుడే మార్పించుకోవాలి. యాభై, వంద మిగులుతుందని వదిలేస్తే రేపు సీలు కారినప్పుడు మళ్లీ గేర్‌బాక్సు దించాలి, మళ్లీ అదే కూలి.

వేరే బండి కొంటే?

తమ్ముడి మనసు లోపల ఇంకోటి ఉంది. నాలుగేళ్ల వాడకం అయిన మస్టాంగ్, 55 వేలు. బ్యాంకు అప్పు దొరుకుతుందని సేల్స్‌మన్ ఊరించాడు. ఇక్కడ రూలు ప్రకారం కారు ధరలో 80 శాతం దాకానే అప్పిస్తారు, అయిదేళ్లలో తీర్చాలి. అంటే ముందు 11 వేలు మనం కట్టాలి. పాత బండి అమ్మిన 9 వేలకు చిట్టీ డబ్బులో 2 వేలు కలపాలి. తర్వాత 44 వేల అప్పు, వడ్డీ వేరే.

మా గదిలోని గోదావరి జిల్లా అన్న ఒకే ప్రశ్న వేశాడు: "ఒరేయ్ తమ్ముడూ, నీ వీసా ఎన్నాళ్లుందిరా?" పద్నాలుగు నెలలు. అప్పు మాత్రం అరవై నెలలు! రెన్యువల్ కాకపోతే సర్వీసు డబ్బు చాలాసార్లు నేరుగా బ్యాంకులోకే పోతుంది. తీరకపోతే కేసు, ఎయిర్‌పోర్టులో ఆపడం. చెల్లెలి పెళ్లికి వెళ్లాల్సిన మనిషి ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర నిలబడిపోతే? ఆ రాత్రి నుంచి మస్టాంగ్ మాట ఎత్తలేదు.

రొక్కానికి పాత సన్నీయో కరోలానో కొనడం ఇంకో దారి. తెలివైన దారే. కానీ 2024 ఏప్రిల్ 16న కురిసిన వాన గుర్తుందా? 1949లో లెక్కలు మొదలయ్యాక అంతటి వాన పడలేదు. ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. మునిగిన బండిని తుడిచి, సెంటు కొట్టి అమ్మితే కొనేవాడికి ఏం తెలుస్తుంది? సీటు బెల్టు చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడాలి. సీటు కింది పట్టాలకు తుప్పుందేమో, కార్పెట్ కింద ముక్క వాసన ఉందేమో చూడాలి. అమెరికా నుంచి వచ్చిన యాక్సిడెంట్ బండి అయితే 17 అక్షరాల విన్ నంబరుతో చరిత్ర తీయించాలి. మన 350జెడ్ గల్ఫ్ కోసమే తయారైనది. దాని జబ్బులన్నీ మనకు తెలుసు. కొత్తగా వచ్చే పాత బండి జబ్బులు తెలియవు. తమ్ముడి ఈ వాదనకు మేమెవరం జవాబు చెప్పలేకపోయాం.

"ఇండియాకే పట్టుకపోతే?" అని కూడా అడిగాడు. కుదరదు. మూడేళ్లు దాటిన వాడిన కారును, పైగా ఎడమ స్టీరింగ్ బండిని మన దేశంలోకి రానివ్వరు. సామాన్ల కంటైనర్‌లో పెట్టి పంపిస్తామనే ఏజెంట్ల మాట నమ్మకండి.

కారే లేకుండా ఉండొచ్చు కదా అని పెద్దాయన అన్నాడు. నిజమే, మేం అయిదుగురం అలాగే ఉన్నాం. కానీ తమ్ముడికి అర్ధరాత్రి కూడా సైట్ నుంచి ఫోన్లు వస్తాయి. టాక్సీకి పోయేది కూడా డబ్బే.

చివరికి బాగు చేయించడానికే ఒప్పుకున్నాం, మూడు షరతుల మీద. ఇంజిన్ ముట్టుకోకూడదు. పెయింటు వేయించకూడదు. వీసా నాలుగు నెలలుండగానే అమ్మకానికి పెట్టాలి. ఎందుకంటే రెసిడెన్స్ క్యాన్సిల్ అయ్యేలోపు బండి వేరేవాళ్ల పేరు మీదికి మారాలి, జరిమానాలన్నీ తీరాలి. విమానం టికెట్ చేతిలో పెట్టుకుని అమ్మేవాడికి ఎవరైనా మంచి ధర ఇస్తారా? ఇన్సూరెన్స్ కూడా థర్డ్ పార్టీయే. ఇంత పాత బండికి చాలా కంపెనీలు అంతకు మించి ఇవ్వవు. వరద వచ్చినా, మనంతట మనం గోడకు గుద్దినా పైసా రాదు. అది తెలిసే నడపాలి.

క్లచ్ మార్చిన నాలుగో రోజు తమ్ముడు పాసింగ్‌కు వెళ్లాడు. టైర్లు, బుష్‌లు, బ్రేకులు అన్నీ ఓకే. వెనక నంబర్ ప్లేట్ లైటు వెలగడం లేదని తిప్పి పంపారు! అయిదు దిర్హమ్‌ల బల్బు. సాయంత్రం మళ్లీ వెళ్లి ముల్కియా తెచ్చుకున్నాడు. చిట్టీలో మిగిలిన 700 మర్నాడు ఇంటికి పంపాడు. గది క్యాలెండర్‌లో వచ్చే ఏడాది ఒక నెల మీద 'బండి అమ్మాలి' అని పెద్దాయన స్కెచ్ పెన్నుతో రాశాడు.